పర్సు సరే, ఆఖరి డాలర్ ఆటగాడెవరు?

పోయిన సంచికలో ఫాంటసీ బేస్‌బాల్ గురించి ఏమైనా ఉంటే అడగండి అని చివర్లో ఒక్క లైను రాశానో లేదో, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. చాలావాటిలో అడిగింది ఒకటే: జట్టులో ఎంతమంది ఉండాలి, చేతికి ఎంత డబ్బివ్వాలి. ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికా మేజర్ లీగ్‌లో నిజంగా ఆడే బేస్‌బాల్ ఆటగాళ్లని మనం కాగితం మీద వేలంలో కొనుక్కుంటాం, వాళ్లు మైదానంలో కొట్టిన హోమ్‌రన్లు (మన సిక్సర్లలాంటివి), కాజేసిన బేస్‌లు, పిచ్చర్లు (బంతి విసిరేవాళ్లు) తీసిన స్ట్రైకవుట్లు మన ఖాతాలో పడతాయి. అందరికీ ఒకే పర్సు, అవి ఉత్తుత్తి డాలర్లు. గొడవలు మాత్రం నిజంవే.

ప్రశ్న: అన్నగారూ, మా ఆఫీసులో పది జట్ల లీగ్. ముగ్గురం తెలుగువాళ్లం, మిగతావాళ్లు ఇక్కడివాళ్లే. జట్టుకి 23 మంది, పర్సు 260. ఈ ఏడాది 30 మంది చేద్దాం అంటున్నాడు కమిషనర్ (లీగ్ నడిపేవాడు), పర్సు మాత్రం 260 దగ్గరే ఉంచుతాడట. 30 మందిని 260తో ఎలా కొంటాం, కనీసం 340 చెయ్యాలి కదా అని నేను. ఎవరిది కరెక్ట్? – ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఇద్దరిదీ కాదు తమ్ముడూ.

ముందు నీ 340 సంగతి చూద్దాం. 260ని 23తో భాగిస్తే తలకి 11 డాలర్ల 30 సెంట్లు, అదే లెక్కన 30 మందికి 339, అక్కణ్నుంచి వచ్చింది నీ అంకె. కానీ ఈ డాలర్లకి బయట కప్పు కాఫీ కూడా రాదు. అందరి పర్సూ ఒకేలా పెంచితే 40కి పోయేవాడు 52కి పోతాడు, అంతకుమించి ఏమీ జరగదు. పర్సు అంకెకి విడిగా విలువ లేదు, కనీస పాట ఒక డాలర్ ఉంది చూడు, దానితో పోల్చినప్పుడే దానికి అర్థం. 23 మందిని కొనాలంటే లీగ్ మొత్తంలో 230 డాలర్లు ఆ కనీస ధరకే కట్టుబడిపోతాయి, 2600లో మిగిలేది 2370. 30 మంది అయితే 300 పోయి 2300 మిగులుతుంది. పది జట్లకీ కలిపి తేడా 70 డాలర్లు. దీనికోసమా ఇంత గొడవ?

మీరు కొట్టుకోవాల్సింది వేరే విషయం మీద: కొత్తగా వచ్చే ఆ ఏడు స్లాట్లు (జట్టులో ఆటగాళ్ల చోట్లు) ఆడేవా, అంటే స్కోరు ఖాతాలో పడేవా, ఊరికే కూర్చునే బెంచీవా? ఇది మీ కమిషనర్ చెప్పాడా? నీ ఉత్తరంలో లేదు, అంటే చెప్పలేదనే అనుకుంటున్నా.

ఆడే స్లాట్లు అనుకుందాం. మేజర్ లీగ్‌లో 30 క్లబ్బులు, ఒక్కోదాన్లో రోజూ బ్యాటింగ్‌కి దిగేవాళ్లు 9 మంది, అంటే రోజువారీ బ్యాటర్లు సుమారు 270. మీ 23 మందిలో మామూలుగా 14 మంది బ్యాటర్లు, 9 మంది పిచ్చర్లు ఉంటారు కాబట్టి పది జట్లకి 140 మంది బ్యాటర్లు పోతారు. ఇంకా 130 మంది వేవర్‌లో (ఎవరూ కొనని ఆటగాళ్ల కుప్ప, సీజన్ మధ్యలో అక్కణ్నుంచే తెచ్చుకుంటాం) ఊరికే పడి ఉంటారు, అందులో 20 హోమ్‌రన్లు కొట్టేవాడు కూడా దొరుకుతాడు. అలాంటి లీగ్‌లో మధ్యరకం ఆటగాడికి 12 డాలర్లు ఎవడిస్తాడు, దాదాపు అలాంటివాడు ఫ్రీగా దొరుకుతుంటే? డబ్బంతా పైనున్న పదిహేను ఇరవై మంది మీదకి పోతుంది. ఆడే స్లాట్లు పెంచితే వేవర్ పలచబడి ఆఖరి డాలర్‌కి (అంటే చివర్న ఒక్క డాలర్ పెట్టి కొంటే) వచ్చేవాడి నాణ్యత పడిపోతుంది, అప్పుడు ఆ మధ్యరకం వాడికి విలువొస్తుంది. ఒక ఆటగాడి ధర అంటే ఊరికే దొరికేవాడి కంటే వాడెంత మెరుగో దాని ధర. రోస్టర్ (జట్టులో ఎంతమంది అన్నది) మారిస్తే మారేది ఇదే.

అసలీ 260, 23 అనే అంకెలు ఎక్కడివో తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది. 1980లో డేనియల్ ఓక్రెంట్, ఆయన స్నేహితులు న్యూయార్క్‌లో మొదలుపెట్టిన ఆట ఇది, వాళ్లు కలిసే ఫ్రెంచి హోటల్ పేరు మీద రోటిసరీ అన్న పేరొచ్చింది. మేజర్ లీగ్‌లో ఉన్న అమెరికన్, నేషనల్ అనే రెండు లీగుల్నీ వాళ్లు కలిపి ఆడలేదు, నేషనల్ లీగ్ ఒక్కటే తీసుకున్నారు. అప్పుడు అందులో 12 క్లబ్బులు, క్లబ్బుకి 25 మంది, మొత్తం 300. పది జట్లు తలా 23 మందిని కొంటే 230 మంది అయిపోతారు, ఇక మిగిలేది అడుగూబొడుగూ. అలాంటి బిగువైన ఆటకి కుదిరిన అంకెల్ని మనం ఎత్తుకొచ్చి, క్లబ్బుకి 26 చొప్పున 780 మంది ఉన్న సముద్రంలో పది జట్లకి పెట్టుకున్నాం. చొక్కా కొలత అన్నయ్యది, తొడుక్కునేది తమ్ముడు.

ఇక ఏడూ బెంచీ స్లాట్లు అయితే వాటిని వేలంలో పెట్టకండి. బెంచీవాడికి స్కోరు ఉండదు, కాబట్టి ఎవరూ రెండో డాలర్ పాడరు, రాత్రి పదకొండింటికి 70 మందిని ఒక్కో డాలర్‌కి పాడుకుంటూ కూర్చుంటారు, ఆవులింతలు తప్ప ఏమీ రాదు. వేలం 23కే ఆపి, తర్వాత వంతుల వారీగా డబ్బుల్లేకుండా తీసుకోండి, ఒక రౌండు ముందునుంచి, తర్వాతి రౌండు వెనకనుంచి.

ఏడు మాత్రం ఎక్కువ. ఇది అనుభవం మీద చెబుతున్నా. మా లీగ్‌లో ఒక ఏడాది నేనే పట్టుబట్టి బెంచీ 10కి పెంచాను, ఎక్కువమంది ఉంటే సరదా కదా అని. 12 జట్లు, 120 మంది బెంచీల్లో కూర్చున్నారు, ఎవరూ ఎవర్నీ వదల్లేదు. జులైలో నా క్యాచర్‌కి (మన వికెట్‌కీపర్ లాంటివాడు) వేలు విరిగింది. వేవర్‌లోకి వెళితే వారానికి రెండు రోజులు ఆడే మూడో క్యాచర్ తప్ప దిక్కులేదు. కింద ఉన్న నాలుగు జట్లవాళ్లు ఆగస్టుకల్లా లాగిన్ అవడం మానేశారు, బాగుచేసుకునే దారి లేనప్పుడు ఎందుకొస్తారు? మీకు పది జట్లు కాబట్టి 23 ఆడేవాళ్లు, 4 లేదా 5 బెంచీ, పర్సు అదే 260. ఆట బిగుసుకోవాలని కమిషనర్‌కి అంత ఉంటే బెంచీ వద్దు, ఇంకో రెండు మూడు ఆడే బ్యాటర్ స్లాట్లు పెట్టమను.

ప్రశ్న: సార్, నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నైట్ షిఫ్ట్. క్లయింట్ టీమ్ వాళ్లు లీగ్‌లోకి రమ్మన్నారు. నాకు ఐపీఎల్ వేలం తప్ప ఏమీ తెలీదు. ఆ తెలివి ఇక్కడ పనికొస్తుందా? – గచ్చిబౌలి

జవాబు: సగం పనికొస్తుంది, మిగతా సగం ముంచుతుంది. 2025 సీజన్‌కి ఐపీఎల్ పర్సు 120 కోట్లు, అందులో రిషభ్ పంత్‌కి లక్నో పెట్టింది 27 కోట్లు, అంటే పర్సులో 22.5 శాతం. ఇక్కడ 260లో అంత అంటే 58 డాలర్ల పైమాట. అంత పెట్టేవాళ్లు ఇక్కడా ఉన్నారు. తేడా ఏంటంటే ఐపీఎల్‌లో 18 నుంచి 25 మంది దాకా కొన్నా మైదానంలో దిగేది పదకొండు మంది, ఇంపాక్ట్ ప్లేయర్‌తో కలిపితే పన్నెండు, మిగతావాళ్లు కనీస ధరవాళ్లైనా గడిచిపోతుంది. ఇక్కడ 23 మందీ రోజూ లెక్కలోకి వస్తారు, సీజన్‌లో 162 మ్యాచ్‌లు. నలుగురు స్టార్లని కొని మిగతా వాళ్లని డాలర్‌కి నింపితే, ఆ డాలర్‌వాళ్లే రోజూ నీ బ్యాటింగ్ సగటుని కిందకి లాగుతూ ఉంటారు.

ఇంకోటి, ఇక్కడ 23 స్లాట్లూ నింపి తీరాలి. అందుకే ఏ క్షణంలోనైనా నువ్వు పాడగలిగే గరిష్ఠ మొత్తం = చేతిలో ఉన్నది మైనస్ (ఖాళీ స్లాట్లు మైనస్ ఒకటి). మొదటి ఆటగాడికి 238 దాకా పాడొచ్చు, పాడకు. మిగిలిన డబ్బు ఆఖర్న ఎందుకూ కొరగాదు, ఇంటికి తీసుకెళ్లలేవు. బాలాపూర్ లడ్డూకి 1994లో 450 రూపాయలు పాడారు, 2024కి 30 లక్షలు దాటింది, అక్కడ పర్సుకి హద్దు లేదు, భక్తి, పరువు రెండూ ఉన్నాయి. నీకు హద్దుంది, చీటీపాటలో కూర్చున్నంత చల్లగా కూర్చో.

ప్రశ్న: అన్నా, మాది 12 జట్లు. ఉత్తుత్తి డాలర్లు బోర్ కొట్టి ఈసారి ఆటగాళ్ల నిజం జీతాలే పెట్టుకున్నాం, క్యాప్ (జట్టు జీతాల మొత్తానికి హద్దు) 150 మిలియన్లు, 23 మంది, వేలం లేకుండా వంతుల వారీగా ఎంచుకునే డ్రాఫ్ట్. ఒకడు డాడ్జర్స్ క్లబ్బు స్టార్ ఓటానిని 2 మిలియన్లకే పట్టుకుపోయాడు. అదేంటంటే వాడి చేతికొచ్చే జీతం అంతే కదా అంటున్నాడు. 70 అని మేం, 2 అని వాడు. తేల్చి చెప్పండి. – ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: 46.

నవ్వకండి, నిజమే. డాడ్జర్స్‌తో ఓటాని ఒప్పందం పదేళ్లకి 700 మిలియన్లు, కానీ ఏడాదికి చేతికి తీసుకునేది 2 మిలియన్లే, మిగతా 68 తర్వాతెప్పుడో 2034 నుంచి ఇస్తారు. అంత ఆలస్యంగా వచ్చే డబ్బుకి ఈ రోజు విలువ తక్కువ కాబట్టి, లగ్జరీ ట్యాక్స్ (జీతాలు ఒక గీత దాటితే క్లబ్బు కట్టే పన్ను) లెక్కలో మేజర్ లీగ్ ఆయన్ని ఏడాదికి సుమారు 46 మిలియన్లుగా చూస్తుంది. చేతికిచ్చే డబ్బే కొలత అంటే వచ్చే ఏడాది మీవాడు బాబీ బొనియా పేరూ చెబుతాడు, ఆయన ఆట మానేసింది 2001లో, మెట్స్ క్లబ్బు మాత్రం ప్రతి జులై 1న దాదాపు 1.19 మిలియన్లు 2035 దాకా ఇస్తూనే ఉంటుంది. నిజం జీతాలు వాడాలనుకుంటే ట్యాక్స్ లెక్కలో ఉండే అంకె వాడండి, సీజన్ మొదటి రోజున ఎంత ఉంటే అంత, మధ్యలో మార్చొద్దు.

కానీ మీ అసలు రోగం ఓటాని కాదు. మేజర్ లీగ్‌లో జీతానికీ ఆటకీ పొంతన ఉండదు, ఉండకుండా క్లబ్బులకీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఒప్పందంలోనే రాసుకున్నారు. మొదటి మూడేళ్లు కుర్రాళ్లకి బేరమాడే హక్కు దాదాపు లేదు, కనీస జీతం దగ్గర్లోనే ఉంటారు (2025లో అది 7 లక్షల 60 వేల డాలర్లు), స్వేచ్ఛగా మార్కెట్‌కి వెళ్లాలంటే ఆరేళ్ల సర్వీసు ఉండాలి. పాల్ స్కీన్స్ 2025లో నేషనల్ లీగ్ సై యంగ్ అవార్డు కొట్టాడు, అంటే ఆ లీగ్‌లో ఏడాది ఉత్తమ పిచ్చర్ అన్నమాట, జీతం మిలియన్ కూడా లేదు. ఇప్పుడు మీ క్యాప్ చూడండి. తలకి 25 మిలియన్ల స్టార్లు ఐదుగురు అంటే 125, మిగతా 18 మందికి కనీస జీతం చొప్పున 14 కూడా అవదు. మొత్తం 139, ఇంకా 11 మిగిలే ఉంది! అంటే ఎవరికీ ఏదీ వదులుకోవాల్సిన అవసరం రాలేదు. క్యాప్ అని పేరు పెట్టారు గానీ అది ఎవరికీ తగల్లేదు, మంచి కుర్రాళ్లు ఎవరికి దక్కారన్నది డ్రాఫ్ట్ వరుసే తేల్చేసింది, మొదటి నంబరు వచ్చినవాడు అదృష్టవంతుడు.

డ్రీమ్11లో 100 క్రెడిట్లు గుర్తున్నాయా? అక్కడ ధర కంపెనీ పెట్టేది, కానీ ఒకే ఆటగాణ్ని అందరూ తీసుకోగలిగేవాళ్లు కాబట్టి తప్పు ధర అందరికీ సమానంగా లాభమే. మీ లీగ్‌లో ఒకడు ఒకరికే. ధర ఇంకెవరో పెట్టి, సరుకు ఒక్కరికే ఇస్తే అది లాటరీ. నాకైతే నిజం జీతాల లీగ్ నచ్చదు, చూడ్డానికి మేనేజర్‌గిరీ లాగా ఉంటుంది, ఆడితే లెక్కలగుమస్తాగిరీ. అయినా వదలం అంటే క్యాప్‌ని 80, 85కి దించండి, అప్పుడు ఇద్దరు స్టార్లు కొంటేనే చెమట పడుతుంది. మూడేళ్ల సర్వీసు నిండని కుర్రాళ్లు జట్టుకి ఆరుగురికి మించొద్దని ఇంకో గీత గీయండి. రోస్టర్‌ని మాత్రం 23 దాటనివ్వొద్దు, ప్రతి కొత్త స్లాటూ ఇంకో చవక కుర్రాడికే పోతుంది.

పనిలో పనిగా, అసలు మేజర్ లీగ్‌కి క్యాప్ లేదు. ఒక గీత దాటితే పన్ను కట్టాలి, 2025లో ఆ గీత 241 మిలియన్లు. క్యాప్ పెడతామని యజమానులు పట్టుబట్టినందుకే 1994లో ఆటగాళ్లు సమ్మె చేశారు, ఆ ఏడాది ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్ జరగనేలేదు. మీ వాట్సాప్ గ్రూపులో గొడవ ఏపాటిది.

ప్రశ్న: నమస్తే అండీ. మా పది జట్ల లీగ్‌కి నేనే కమిషనర్‌ని, మా ఆయన కూడా ఆడతారు. ప్రతి జట్టూ నలుగుర్ని పాత ధరకే వచ్చే ఏడాదికి ఉంచుకోవచ్చు. వేలంలో ధరలు మండిపోతున్నాయి, 30 డాలర్ల వాడు 40కి పోతున్నాడు. కీపర్లని (అలా ఉంచుకునేవాళ్లని) ఏడుకి, రోస్టర్‌ని 23 నుంచి 26కి పెంచితే సర్దుకుంటుందని మా ఆయన ప్రతిపాదన. – ఆల్ఫరెట్టా, జార్జియా

జవాబు: మీ ఆయన దగ్గర 3 డాలర్ల కీపర్ ఎవరో ఉన్నారు, అవునా చెల్లెమ్మా?

ధరలు మండేది ఇలా. ఉదాహరణకి మీ 40 మంది కీపర్లకి కట్టింది 400 అనుకో, వాళ్ల అసలు విలువ 900. లీగ్‌లో మొత్తం 2600 కదా, వేలానికి 2200 డబ్బు వస్తుంది, సరుకు మాత్రం 1700 విలువదే. 2200ని 1700తో భాగిస్తే 1.29, అంటే 30 డాలర్ల వాడు 39కి పోవడం న్యాయమైన ధరే, ఎవరికీ పిచ్చి పట్టలేదు. కీపర్లని ఏడు చేస్తే ఈ ఎచ్చు ఇంకా పెరుగుతుంది, సరుకు తరిగిపోతుంది, డబ్బు మిగులుతుంది. రోస్టర్ పెంచి తెచ్చే మూడు స్లాట్లలోకి వచ్చేవాళ్లు ఆఖరి డాలర్‌వాళ్లు, వాళ్లకి ఆ మిగులు డబ్బు పీల్చే శక్తి లేదు.

నలుగుర్నే ఉంచి, ఉంచుకున్న ప్రతి ఏడాదీ ఆటగాడి ధర మీద 5 డాలర్లు వెయ్యి. పై ఉదాహరణలో కట్టింది 600 అవుతుంది, వేలానికి 2000 మిగిలి 30 వాడు 35 దగ్గర ఆగుతాడు. మూడేళ్ల తర్వాత ఎవరైనా సరే వేలంలోకి రావాల్సిందే అని కూడా పెట్టు. ఇంట్లో గొడవైతే నా పేరు చెప్పకు.

ప్రశ్న: గాయపడినవాళ్ల కోసం వేరే స్లాట్లు ఎన్ని ఉండాలి? మావాళ్లు అపరిమితం అంటున్నారు. – షార్లట్

జవాబు: మూడు చాలు. మేజర్ లీగ్ గాయాల జాబితాలో బ్యాటర్ కనీసం 10 రోజులు, పిచ్చర్ 15 రోజులు ఉండాలి, మోచేతి ఆపరేషన్ అయితే ఏడాది పైనే. అపరిమితం అంటే అది ఫ్రీ గోడౌన్, వేవర్‌లో కనబడిన ప్రతి గాయపడ్డ పిచ్చర్నీ ఎత్తుకుపోయి దాచుకుంటారు.

ప్రశ్న: అన్నయ్యా, మేం ఐదుగురం ఫ్రెండ్స్. క్రికెట్‌లో అన్నీ ఆడేశాం, ఇది కొత్తగా ఉంది. ఐదు జట్లతో లీగ్ అవుతుందా? డబ్బు పెట్టొచ్చా? – విజయవాడ

జవాబు: డబ్బు వద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది, మన ఆంధ్రలో 2020లోనే, తెలంగాణలో 2017లోనే ఆపేశారు. ఓడినవాడు అందరికీ పునుగులు తినిపిస్తే సరి.

ఐదు జట్లతో బ్రహ్మాండంగా అవుతుంది, కానీ 30 క్లబ్బులూ తీసుకుంటే కాదు. 780 మందిలో మీకు కావాల్సింది 115, అందరి జట్లూ ఆల్‌స్టార్లే అయిపోతాయి, వేలంలో తప్పు చెయ్యడం కూడా కుదరదు. పర్సు పెంచినా తగ్గించినా ఆ జబ్బు పోదు, సరుకు తగ్గించాలి. రెండు లీగుల్లోంచీ ఈస్ట్ డివిజన్ క్లబ్బులు మాత్రం పెట్టుకోండి, చెరి ఐదు, మొత్తం పది: యాంకీస్, మెట్స్, ఫిలడెల్ఫియా, బోస్టన్, అట్లాంటా అన్నీ అందులోనే ఉన్నాయి, మీ బంధువుల్లో సగంమంది ఆ ఊళ్లలోనే ఉండి ఉంటారు. రోజువారీ బ్యాటర్లు 90 మంది, మీకు కావాల్సింది 70. బిగువు సరిగ్గా కుదిరింది. క్యాచర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. మామూలు నియమం జట్టుకి ఇద్దరు, అంటే పది క్లబ్బుల మొదటి క్యాచర్లు పదిమందీ ఐపోతారు, ఒకడికి దెబ్బ తగిలితే మీవాడు ఏడుస్తాడు. ఒక్క క్యాచర్‌నే పెట్టి, రెండో క్యాచర్ స్లాట్‌ని ఏ బ్యాటరైనా ఆడొచ్చు అని వదిలెయ్యండి. బెంచీ మూడు, పర్సు 260 ఉండనీండి. పది క్లబ్బులకే పరిమితం అన్న సంగతి మీరు లీగ్ ఆడే సైటుకి తెలీదు, అది మీలో మీరు ఒట్టు పెట్టుకోవాల్సిందే.

అక్కడ రాత్రి ఏడింటికి మొదలయ్యే మ్యాచ్ మనకి తెల్లవారుజామున నాలుగున్నర. లైనప్ పడుకునేముందే పెట్టేయండి.